షాపుకి జీమెయిల్ సరిపోతుందా, సొంత డొమైన్ మెయిల్ తీసుకోవాలా?

మగ్గం_బాబు (మంగళగిరి)

అందరికీ నమస్తే. మాది మంగళగిరిలో చేనేత చీరల వ్యాపారం, నాన్నగారి కాలం నుంచి ఉంది. పెద్దదేం కాదు, ఇంటి ముందు గదిలో నాలుగు బీరువాలు, పన్నెండు మగ్గాల వాళ్లు మాకు నేస్తారు. చిల్లర అమ్మకం తక్కువ, బెంగళూరు, చెన్నై బొటిక్‌లకి పంపేదే ఎక్కువ. నేనూ మా మరదలూ (తమ్ముడి భార్య) ఆర్డర్లు చూస్తాం, లెక్కలూ సంతకాలూ నాన్నగారివి.

మాకున్నది ఒకే ఒక్క జీమెయిల్. 2011లో నెట్ సెంటర్ అబ్బాయి పెట్టిచ్చాడు, ఇంటిపేరు పక్కన నాన్న పుట్టిన సంవత్సరం. ఎల్ఐసీ రసీదులు, పిల్లల స్కూలు ఫీజుల మెసేజీలు, రైలు టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బొటిక్‌ల ఆర్డర్లు అన్నీ ఒకే గంగాళంలో పడుతున్నాయి. పాస్‌వర్డు ముగ్గురికీ తెలుసు, బీరువా తలుపు లోపలివైపు రాసి కూడా ఉంది (నవ్వకండి).

పోయిన నెల రెండు రోజులు ఒక్క మెయిల్ కూడా రాలేదు. మూడో రోజు చెన్నై ఆవిడ ఫోన్ చేసి "మీకు పంపిన ఆర్డర్ తిరిగొచ్చేసిందండీ, షాపు మూసేశారా" అంది. చూస్తే 15 జీబీ నిండిపోయింది. మెయిల్స్ కాదు నింపింది, నా ఫోన్ వాట్సాప్ బ్యాకప్! మా చుట్టాల గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటోలూ పెళ్లి వీడియోలూ అన్నీ అందులోకే వెళ్తున్నాయని నాకు తెలియదు. నిండబోతోందని వార్నింగులు వచ్చాయి, చూడనిది నేనే.

దీనికి తోడు బెంగళూరులో కొత్త పార్టీ వెండర్ ఫారం పంపింది, అందులో "కంపెనీ మెయిల్ ఐడీ" అని గడి ఉంది. జీమెయిల్ ఇస్తే "సొంత డొమైన్ లేదా?" అని అడిగారు, అంటే ఐడీలో @ తర్వాత జీమెయిల్ బదులు మన షాపు పేరే ఉండాలట. వెబ్‌సైట్ చేస్తానన్న కుర్రాడు "డొమైన్, హోస్టింగ్, పది మెయిల్ ఐడీలు అన్నీ నేనే చూసుకుంటా అన్నా, మీకు టెన్షన్ వద్దు" అంటున్నాడు. మెయిల్ సర్వీసుల్లో జోహో ఫ్రీ అంటున్నారు, గూగుల్ వర్క్‌స్పేస్ అంటున్నారు, మా తమ్ముడేమో ప్రోటాన్ సేఫ్ అంటున్నాడు. ఇంటికి ఏది, షాపుకి ఏది? వాడేది ముగ్గురం. నాన్నగారు ఫోన్‌లోనే చూస్తారు, కొత్త యాప్ అంటే చిరాకు పడతారు.

ఎమ్మెక్స్_మామ (హైదరాబాద్)

బాబూ, నేను ఇరవై ఏళ్లుగా మెయిల్ సర్వర్లతోనే కాపురం చేస్తున్నా కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

నువ్వు "ఏ సర్వీసు" అని అడిగావు, అది రెండో ప్రశ్న. మొదటిది, డొమైన్ ఎవరి పేరు మీద ఉంటుంది? డొమైన్ అంటే ఇంటిస్థలం పట్టా అనుకో. జోహో అయినా గూగుల్ అయినా మైక్రోసాఫ్ట్ అయినా అద్దెకి తెచ్చి అందులో వేసుకునే సామాను లాంటివి. ఈ ఏడు జోహో, నచ్చకపోతే వచ్చే ఏడు గూగుల్, డొమైన్‌లో ఎమ్మెక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో చెప్పే వివరాలు) మారిస్తే చాలు, నీ అడ్రస్ అదే ఉంటుంది, బొటిక్ వాళ్లకి మారినట్టు కూడా తెలియదు. పట్టా వేరేవాడి పేరు మీద ఉంటే మాత్రం ఎంత మంచి సర్వీసు కొన్నా నువ్వు వాడి స్థలంలో గుడిసె వేసుకున్నట్టే. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు, వెబ్‌సైట్ చేయించుకో. డొమైన్ మాత్రం నీ పేరు మీద, నీ కార్డుతో, నీ ఫోన్ నంబరుతో నువ్వే కొను. డాట్ ఇన్ అయితే ఏడాదికి వందల్లోనే ఉంటుంది. మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోకు, రెన్యువల్ రేటు ఎంతో కొనేముందే చూడు.

ఫ్రీ అన్నది ఎప్పటికీ ఫ్రీగా ఉంటుందనీ అనుకోవద్దు. ఒకప్పుడు గూగుల్ యాప్స్ పేరుతో గూగుల్ కూడా సొంత డొమైన్‌కి మెయిల్ ఊరికే ఇచ్చేది, నేనే ఎంతమందికి పెట్టిచ్చానో లెక్కలేదు. 2012 డిసెంబరులో కొత్తవాళ్లకి ఆపేశారు. పాతవాళ్లని కూడా 2022లో డబ్బు కట్టమన్నారు, గోల జరిగాక సొంతానికి వాడుకునేవాళ్లని వదిలేశారు, వ్యాపారం చేసేవాళ్లు కట్టాల్సిందే. డొమైన్ చేతిలో ఉన్నవాడికి అప్పుడు దిగులు లేదు, ఇంకోచోటికి వెళ్లిపోయాడు.

ఇక ఆ హోస్టింగ్‌తో (వెబ్‌సైట్ ఉంచడానికి అద్దెకిచ్చే సర్వర్) వచ్చే పది ఐడీల సంగతి. వద్దు. చౌక హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లు ఉంటాయి, అందులో ఒకడు స్పామ్ పంపితే ఆ సర్వర్ ఐపీకి (నెట్‌లో దాని నంబరుకి) చెడ్డపేరు వస్తుంది, నీ ఇన్‌వాయిస్ కూడా బొటిక్ వాళ్ల స్పామ్‌లో పడుతుంది. వాళ్లు చూడరు, నువ్వేమో "డబ్బు వేయలేదేంటి" అని పదిరోజులు ఎదురుచూస్తావు.

జోహో ఫ్రీ ప్లాన్ అంటే ఒక డొమైన్, ఐదుగురి దాకా, మనిషికి 5 జీబీ. తిరకాసు ఏంటంటే ఐమాప్, పాప్ ఉండవు, అంటే నాన్నగారి ఫోన్‌లో ఉన్న జీమెయిల్ యాప్‌లోకి దాన్ని తెచ్చి పెట్టలేవు, జోహో యాప్‌లోనో బ్రౌజర్‌లోనో చూడాలి. డబ్బు కట్టే చిన్న ప్లాన్‌లో అవి వస్తాయి, మనిషికి నెలకి వంద లోపే. గూగుల్ వర్క్‌స్పేస్ దానికంటే ఖరీదు, చిన్న ప్లాన్‌లో మనిషికి 30 జీబీ చొప్పున వస్తుంది, నాన్నగారికి అలవాటైన యాపే ఉంటుంది. అక్కడ ఒక కిటుకు ఉంది. ఒక లైసెన్సుకి, అంటే డబ్బు కట్టిన ఒక ఖాతాకి, 30 దాకా మారుపేర్లు (అదే ఇన్‌బాక్స్‌కి వచ్చే వేరే అడ్రస్‌లు) ఊరికే పెట్టుకోవచ్చు. ఆర్డర్స్, అకౌంట్స్, సేల్స్ అని మూడు అడ్రస్‌లు కావాలని మూడు లైసెన్సులు కొనేవాళ్లని చూశా, అన్నీ ఒకే మనిషి చూస్తున్నప్పుడు ఒక్కటి చాలు.

ఏది తీసుకున్నా ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టుకో. "ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు వీళ్లకే ఉంది" అని డొమైన్ మీద అంటించే బోర్డులు అవి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా పట్టుకున్నాయి, రోజుకి 5,000 పైన పంపేవాళ్లకి మూడూ తప్పనిసరి. నీలాంటి చిన్నవాళ్లకి ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటున్నా నడుస్తుంది, కానీ అరగంట పనికి పిసినారితనం ఎందుకు.

మిర్చి_యార్డు (గుంటూరు)

నేను పద్నాలుగేళ్లుగా జీమెయిల్‌తోనే వ్యాపారం చేస్తున్నా, ఒక్కడు కూడా డొమైన్ ఏదని అడగలేదు. పార్టీలు చూసేది సరుకు, రేటు. మా బాబాయి ఇప్పటికీ రెడిఫ్‌మెయిల్‌లోనే బిల్లులు తెప్పించుకుంటాడు, ఆయనకి కోట్లలో టర్నోవర్. ఇంకో జీమెయిల్ తెరిచి షాపు పేరు పెట్టుకో, ఇంటిది ఇంటికి, షాపుది షాపుకి. పైసా ఖర్చు లేదు. రోజుకి 500 మందికి పంపొచ్చు, నీ చీరలకి అంతకన్నా ఎక్కువ ఏం పంపుతావు?

ఎమ్మెక్స్_మామ (హైదరాబాద్)

మిర్చి అన్నా, మీరు అన్నదాంట్లో సగం ఒప్పుకుంటా. ఎవరూ అడగనంతవరకూ జీమెయిల్ చాలు. ఇక్కడ బెంగళూరు పార్టీ అడిగింది కదా. పైగా ముగ్గురు ఒకే పాస్‌వర్డు వాడుతున్నారు. రేపు మరదలు గారి బదులు ఆర్డర్లు చూడటానికి ఎవరినైనా పనిలో పెట్టుకుంటే, వాళ్లు మానేసిన రోజున ఫ్రీ జీమెయిల్‌లో ఏం చేస్తారు? సొంత డొమైన్‌లో అయితే అడ్మిన్‌గా నువ్వు ఆ ఐడీ పాస్‌వర్డు మార్చేస్తావు, మెయిల్స్ అన్నీ షాపులోనే ఉంటాయి.

ఆవకాయ_అక్క (రాజమండ్రి)

తమ్ముడూ, ఆ కుర్రాడికి డొమైన్ పని అప్పజెప్పకు అని మామ గారు మర్యాదగా చెప్పారు, నేను గట్టిగా చెప్తా, నాకు కాలింది కాబట్టి.

మాది పచ్చళ్ల వ్యాపారం, ఇంటి దగ్గరే పెడతాం, అమెరికా కొరియర్లు కూడా వెళ్తాయి. ఏడేళ్ల క్రితం ఒకాయన వెబ్‌సైట్ చేశాడు, డొమైన్ కూడా తనే కొన్నాడు, ఎవరి పేరు మీద అని నేను అడగలేదు, అడగాలని కూడా తెలియదు. ఏటా డబ్బు ఇస్తూనే ఉన్నా. డబ్బాల మీద, లేబుళ్ల మీద, కారు వెనక అద్దం మీద కూడా ఆ మెయిల్ వేయించుకున్నాం. రెండేళ్ల క్రితం ఆయన ఏదో ఉద్యోగం దొరికి ఊరు వదిలి వెళ్లిపోయాడు, ఫోన్ నంబరు మారింది. రెన్యువల్ కట్టలేదు. కట్టమని వచ్చిన మెయిల్స్ అన్నీ ఆయనకి వెళ్లాయి, నాకు కాదు, రిజిస్ట్రేషన్‌లో ఉన్నది ఆయన ఐడీ కదా. సరిగ్గా మే నెల, కొత్తావకాయ సీజన్, సైటూ లేదు మెయిలూ లేదు. డొమైన్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే "రికార్డులో ఉన్న యజమాని మీరు కాదు" అన్నారు. వాళ్ల తప్పు కూడా కాదు అది. ఐదేళ్లు డబ్బు కట్టింది నేను, యజమాని ఇంకొకరు!

చివరికి ఆయన్ని వాళ్ల అత్తగారి ఊళ్లో పట్టుకున్నాం. మనిషి చెడ్డవాడు కాదు, పాపం మర్చిపోయాడంతే. రెన్యువల్ కట్టించి నా పేరు మీదికి మార్పించుకునేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఎన్ని ఆర్డర్లు పోయాయో లెక్కకట్టడానికి కూడా లేదు, వచ్చి ఉంటే కదా తెలిసేది.

ఇప్పుడు ఐదేళ్లకి ఒకేసారి కట్టేశా. ఫోన్‌లో కూడా గుర్తు పెట్టుకున్నా. మెయిల్ జోహోలో, డబ్బు కట్టే ప్లాన్. నాకు నచ్చింది, మొదటి వారం కొంచెం తికమక పడ్డా గానీ మా అత్తగారు కూడా యాప్‌లో చూస్తారు. జీఎస్టీ నంబరు ఇచ్చి బిల్లు తీసుకుంటే కట్టిన 18 శాతం జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా (నువ్వు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) వస్తుంది, అది మర్చిపోకు.

నల్లకోటు (హనుమకొండ)

ప్రోటాన్ గురించి రెండు ముక్కలు. స్విట్జర్లాండ్ కంపెనీ, 2014లో మొదలైంది, ఎన్‌క్రిప్షన్ విషయంలో మంచి పేరుంది. కానీ ఆ గుప్తత దానంతటదే పూర్తిగా పనిచేసేది అటు ఇటు ఇద్దరూ ప్రోటాన్ వాడినప్పుడు. నువ్వు ప్రోటాన్ నుంచి బొటిక్ వాళ్ల జీమెయిల్‌కి పంపిన మామూలు మెయిల్ వాళ్ల జీమెయిల్‌లో మామూలుగానే ఉంటుంది. రెండోది, 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ప్రోటాన్ మెయిల్‌ని బ్లాక్ చేయమని కేంద్రానికి చెప్పింది, ఎవరో మహిళా ఉద్యోగులకి అసభ్యమైన మెయిల్స్ ఆ సర్వీసు నుంచి వచ్చాయన్న కేసులో. నీ పార్టీలే బెంగళూరులో ఉన్నప్పుడు వ్యాపారం మెయిల్‌కి ఆ రిస్కు ఎందుకు. మీ తమ్ముడు సొంతానికి ఒకటి పెట్టుకుంటే పెట్టుకోనివ్వు.

జోహో అనగానే ఇక్కడ కొందరు దేశభక్తి మొదలుపెడతారు, 2025 అక్టోబరులో హోంమంత్రి అమిత్ షా జోహోకి మారారు కాబట్టి మనమూ మారాలని. చెన్నై కంపెనీ, మన కంపెనీ, సంతోషమే. కానీ మంత్రిగారి అవసరాలు వేరు, మంగళగిరి చీరల షాపు అవసరాలు వేరు. పని జరుగుతుందా, కస్టమర్ కేర్ ఫోన్ ఎత్తుతుందా, అంతే చూడండి.

పద్దు_పుస్తకం (విజయవాడ)

నేను అకౌంట్స్ చూసేవాణ్ని, మా ఆఫీసుకి వచ్చే చిన్న వ్యాపారుల్లో చాలామందిది ఇదే కథ. పైన ఎవరూ చెప్పనిది చెప్తాను.

ముందు జీఎస్టీ పోర్టల్‌లో మీ షాపుకి ఏ మెయిల్, ఏ ఫోన్ ఉందో చూసుకోండి బాబుగారూ. చాలాచోట్ల ఆడిటర్‌దో, ఆడిటర్ దగ్గర పనిచేసి మానేసిన గుమాస్తాదో ఉంటుంది. లాగిన్ ఉంటే నాన్-కోర్ సవరణలో (చిన్న వివరాల మార్పు) మీరే మార్చుకోవచ్చు. ఓటీపీ వచ్చే ఫోనూ మెయిలూ రెండూ పోయాయంటే మీ పరిధిలోని జీఎస్టీ అధికారి దగ్గరికి కాగితాలు పట్టుకుని వెళ్లాల్సి వస్తుంది. పాన్, ఆదాయపు పన్ను, బ్యాంకు కూడా ఒకసారి చూసుకోండి.

రెండోది. కొత్త డొమైన్ మెయిల్ వచ్చింది కదా అని అన్నీ అందులోకి మార్చేయకండి. ముఖ్యంగా మీకు డొమైన్ అమ్మిన కంపెనీ దగ్గర మీ లాగిన్‌కి, మెయిల్ సర్వీసు అడ్మిన్ రికవరీకి అదే డొమైన్ మెయిల్ ఇవ్వకండి. రెన్యువల్ మర్చిపోయి డొమైన్ ఆగిపోతే, మళ్లీ తెరవడానికి వచ్చే ఓటీపీ ఆ ఆగిపోయిన మెయిల్‌కే వెళ్తుంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. వాటికి ఇంటి జీమెయిల్ ఇవ్వండి. పాన్, బ్యాంకు, ఎల్ఐసీ కూడా ఇంటి జీమెయిల్‌లోనే ఉండనివ్వండి, ఇన్నేళ్లు నడిచింది కదా. ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌లు, కొరియర్, వెండర్ ఫారాలు కొత్తదాంట్లోకి. జీఎస్టీ సంగతి మీ ఇష్టం, నేనైతే ఇంటి మెయిల్‌లోనే ఉంచుతాను.

మూడోది, బీరువా తలుపు మీది పాస్‌వర్డు. చెరిపేయండి దయచేసి. రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డుతో పాటు ఫోన్‌లో ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టండి, పెట్టాక పది బ్యాకప్ కోడ్‌లు తీసుకోవచ్చు, అవి ప్రింట్ తీసి పాస్‌బుక్‌లతో పాటు దాచండి. ఫోన్ పోయిన రోజు అవే దిక్కు. ఎందుకింత చెప్తున్నానంటే మాకు తెలిసిన ఒక బట్టల వ్యాపారి మెయిల్‌లోకి ఎవడో దూరి, నెల రోజులు ఏమీ చేయకుండా ఊరికే చదువుతూ కూర్చున్నాడు. పెద్ద బిల్లు వెళ్లే సమయానికి ఆయన ఐడీ నుంచే "మా బ్యాంకు ఖాతా మారింది, కొత్త ఖాతాకి వేయండి" అని పార్టీకి మెయిల్ కొట్టాడు. పార్టీ వేసేసింది. వెంటనే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే కొంతైనా ఆగేదేమో, వీళ్లకి తెలిసేసరికే వారం దాటింది. అందుకని మీ బొటిక్‌ల వాళ్లకి ఇప్పుడే చెప్పి పెట్టండి, ఖాతా మారిందని మెయిల్ వస్తే నమ్మొద్దు, ఫోన్ చేసి నా గొంతు విన్నాకే వేయండి అని.

మగ్గం_బాబు (మంగళగిరి)

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. అక్క కథ చదివి మా మరదలు నాకంటే ముందు భయపడింది. జీఎస్టీలో చూశాను, పద్దు గారు అన్నట్టే ఫోన్ నాది ఉంది గానీ మెయిల్ పాత ఆడిటర్ గారిది!

డొమైన్ డాట్ ఇన్ నా పేరు మీద కొన్నాను, మూడేళ్లకి కట్టాను. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు ఆపేశాను, 15 జీబీలో 9 ఖాళీ అయింది. జోహో ఫ్రీతో మొదలుపెడదాం, నచ్చితే డబ్బు కట్టేదానికి వెళ్దాం అనుకుంటున్నాం. నాన్నగారికి ఇంటి జీమెయిల్ అలాగే ఉంచి, షాపు మెయిల్ నేనూ మరదలూ చూసేటట్టు.

రెండు సందేహాలు. పాత జీమెయిల్‌కి వచ్చే ఆర్డర్ల సంగతి ఏంటి, అందరికీ ఒకేసారి చెప్పినా కొందరు పాతదానికే పంపుతారు కదా? ఇంకోటి నవ్వులాటకి, తెలుగు అక్షరాల్లో మెయిల్ ఐడీ పెట్టుకోవచ్చా? నాన్నగారు అడిగారు.

ఎమ్మెక్స్_మామ (హైదరాబాద్)

నాన్నగారి ప్రశ్న ముందు. డాట్ భారత్ డొమైన్ తెలుగు లిపిలో ఉంది, జీమెయిల్ కూడా అలాంటి అడ్రస్‌లకి పంపడం, అక్కడినుంచి అందుకోవడం 2014 నుంచే ఒప్పుకుంటుంది. కానీ బెంగళూరు వెండర్ ఫారంలో తెలుగు అక్షరాలు కొడితే ఆ గడి "తప్పు ఐడీ" అంటుంది. సరదాకైతే పెట్టుకోండి, విజిటింగ్ కార్డు మీద మాత్రం ఇంగ్లీషుదే.

పాత ఆర్డర్లకి జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టు, ఆ పది పదిహేను పార్టీల నుంచి వచ్చేవి మాత్రం కొత్త ఐడీకి ఫార్వర్డ్ అయ్యేలా. మొత్తం ఫార్వర్డ్ చేశావంటే స్కూలు ఫీజులు కూడా షాపులోకి వస్తాయి, మళ్లీ మొదటికే వస్తావు. జవాబు ఎప్పుడూ కొత్త ఐడీ నుంచే ఇవ్వు, రెండు మూడు సార్లకి వాళ్లకే అలవాటవుతుంది. కొత్త మెయిల్‌ని పాప్‌తో జీమెయిల్‌లోకి లాక్కోమని యూట్యూబ్‌లో పాత వీడియోలు చెప్తాయి, నమ్మకు, 2026 నుంచి ఆ సదుపాయం తీసేస్తున్నట్టు గూగుల్ చెప్పింది, జోహో ఫ్రీలో పాప్ ఎలాగూ లేదు. పాత మెయిల్స్ ఎక్కడివి అక్కడే ఉండనివ్వు. గూగుల్ టేకవుట్‌లోకి వెళ్లి ఒక కాపీ దింపి హార్డ్ డిస్క్‌లో పడేయి.

మగ్గం_బాబు (మంగళగిరి)

మామా, అన్నీ పెట్టాను. ఎమ్మెక్స్ వచ్చింది, ఎస్పీఎఫ్ వచ్చింది, డీకిమ్ మాత్రం నిన్న రాత్రి నుంచి "వెరిఫై కాలేదు" అనే చూపిస్తోంది. ఒకటికి నాలుగుసార్లు కాపీ చేసి అతికించాను. ఇంకా ఆగాలా?

ఎమ్మెక్స్_మామ (హైదరాబాద్)

రాత్రి నుంచి అంటే ఆగినా రాదేమో. డొమైన్ కంపెనీ పేజీలో ఆ డీకిమ్ రికార్డు (టీఎక్స్‌టీ అని ఉంటుంది) తెరిచి పేరు గడి చూడు. జోహో ఇచ్చిన పేరు చివర నీ డొమైన్ కూడా కలిపి అతికించావా? చాలా కంపెనీల పేజీలు డొమైన్ పేరుని వాటంతటవే తగిలిస్తాయి, నువ్వూ రాస్తే రెండుసార్లు పడుతుంది.

మగ్గం_బాబు (మంగళగిరి)

అదే మామా! రెండుసార్లు ఉంది, ఒకటి తీసేశాను. టీ తాగొచ్చేసరికి పచ్చ టిక్కు వచ్చింది. చెన్నై ఆవిడకి మొదటి మెయిల్ పంపాం, ఇన్‌బాక్స్‌లోనే పడిందట. బీరువా తలుపు మీద పాస్‌వర్డు స్కెచ్ పెన్నుతో రాసింది, పోవట్లేదు, పాస్‌వర్డే మార్చేశాం.

ఆవకాయ_అక్క (రాజమండ్రి)

కొత్తది మళ్లీ తలుపు మీద రాయకు తమ్ముడూ. మా అమ్మాయికి పట్టు బోర్డరు కాటన్ చీరలు కావాలి, ఫొటోలు కొత్త ఐడీ నుంచే పంపు.